ముందు మన అంకె

గురువారం పొద్దున బ్రాక్‌నెల్ ఆఫీసు కార్‌పార్క్‌లో ఉండగా ఆంటీ ఫోన్ చేశారు. "ఆపరేషన్ అయ్యాక అంకుల్ మళ్ళీ కళ్ళు తెరవలేదు బాబూ," అన్నారు. ఆ వెంటనే, "చేయించుకోమన్నది నేనే కదా. తప్పు చేశానంటావా?" అని అడిగారు. అప్పటినుంచీ ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు.

ఆయన ఇంగ్లండ్‌లో, రీడింగ్ అనే ఊళ్ళో మా కింది ఫ్లాట్ అంకుల్. తెనాలి వైపు నుంచి ఎప్పుడో వచ్చి, బస్ డిపోలో డ్రైవర్లకు డ్యూటీల రోటా వేస్తూ రిటైరయ్యారు. క్రికెట్ పిచ్చి ఉన్న మా బిల్డింగ్ తెలుగువాళ్ళలో ఆయనొక్కరికే అమెరికన్ ఫుట్‌బాల్ మీద మోజు. ఆదివారం సాయంత్రం ఆరింటికి టీవీలో మొదటి మ్యాచ్. అమెరికా ఎన్నడూ వెళ్ళలేదు, ఏ జట్టుకూ అభిమాని కాదు. ఆయన కుతూహలమంతా ఆట మొదలయ్యేలోపే.

పందేల కంపెనీ ప్రతి మ్యాచ్‌కీ ఒక అంకె పెడుతుంది. బలమైన జట్టు అన్ని పాయింట్ల కంటే ఎక్కువ తేడాతో గెలిస్తేనే దాని మీద కాసినవాడు గెలిచినట్టు. అంకుల్ ఆ అంకె చూడకుండా ముందు తన అంకె రాసుకునేవారు. ఎవరికి దెబ్బలు తగిలాయి, ఎవరు ఎంత దూరం ప్రయాణం చేసి వచ్చారు, అక్కడ గాలి ఎలా ఉంది, అన్నీ చూసి, మందుల షాపు కవరు వెనక రాసి, అప్పుడు ఫోన్ తెరిచేవారు. రెండు అంకెల మధ్య చెప్పుకోదగ్గ తేడా ఉంటేనే పందెం. అదీ ఒక పూట టేకవే భోజనం ఖరీదు దాటకుండా. చాలా ఆదివారాలు తేడా ఉండేది కాదు. "ఇవాళ వాళ్ళూ మనమూ ఒకటే అనుకున్నాం. టీ తాగుదాం పద," అనేవారు, ఏ మాత్రం నిరాశ లేకుండా.

నాకూ నేర్పమన్నాను. మొదటి వారమే దొరికిపోయాను. నా కాగితం మీద మూడున్నర అని ఉంది.

"ముందే ఫోన్ చూశావు కదూ?"

"లేదంకుల్!"

"ఆటలో అర పాయింటు ఎక్కడుందోయ్? పందెం ఎటూ తేలకుండా పోకూడదని వాళ్ళు పెట్టుకునే అర అది. నీ బుర్రలోంచి వస్తే మూడో నాలుగో వచ్చేది."

సిగ్గుతో చచ్చాను. ఎదుటివాడి అంకె చూశాక మన అంకె మనకు తెలియకుండానే దాని పక్కకు చేరుతుందని ఆ రోజే అర్థమైంది. ఇప్పటికీ ఆఫీసులో ఏ పనికి ఎన్ని రోజులు పడుతుందని అడిగినా, పక్కవాడు నోరు తెరవకముందే నాది రాసి పెట్టుకుంటాను. ఆ అలవాటు ఆయన పెట్టిందే.

ఇంకో వింత ఏమిటంటే, ఓడితే ఆయనకు దిగులుండేది కాదు, గెలిస్తే మాత్రం అనుమానం. ఒకసారి ఆఖరి నిమిషంలో ఎవరి చేతిలోంచో బంతి జారి నా జట్టు గట్టెక్కింది. నేను గంతులేస్తుంటే, "గెలిచావు సరే, నువ్వు కాసింది మాత్రం తప్పే. వచ్చే వారం మళ్ళీ ఇలాగే కాస్తావు, అదీ నా భయం," అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

తర్వాత ఆయన గుండె వాల్వు పాడైందన్నారు. కన్సల్టెంట్ డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం నా కార్లోనే వెళ్ళాం. ఇలాంటి ఆపరేషన్ తర్వాత వందలో ఎంతమంది ఇంటికి వస్తారో ఆవిడ చెప్పబోతుంటే అంకుల్ చెయ్యెత్తి ఆపారు. అపాయింట్‌మెంట్ లెటర్ మీద తన అంకె రాసుకుని, "ఇప్పుడు చెప్పండి," అన్నారు ఇంగ్లీషులో. ఆవిడ నవ్వు ఆపుకుంటూ చెప్పింది. అంకుల్ ఆంటీ వైపు తిరిగి, "నేననుకున్నదానికంటే నయమే. చేయించుకోకపోతే ఎలాగూ ఎక్కువ రోజులుండను. నువ్వేమంటావు?" అన్నారు. ఆంటీ కాసేపు ఆయన చేతినే చూస్తూ కూర్చుని, "చేయించుకోండి," అన్నారు.

ఇక్కడ అంత్యక్రియలకు స్లాటు దొరకడానికే రెండు వారాలు పట్టింది. ఆ తర్వాతి ఆదివారం ఆరింటికి కిందికి వెళ్ళాను. ఓడినంత మాత్రాన కాసింది తప్పు కాదని, అంకుల్ మాటగా చెప్పబోయాను.

"ఆయన్ని పందెం చెయ్యకు బాబూ," అన్నారు ఆంటీ.

నిజమే. మరోలా అడిగాను. "మళ్ళీ ఆ రోజే, ఆ గదిలోనే కూర్చున్నామనుకోండి ఆంటీ. ఇప్పుడు తెలిసింది అప్పుడు మనకు తెలీదు. ఏమంటారు?"

"చేయించుకోండనే అంటాను," అన్నారు ఆవిడ. అన్నాక, ఆయన పోయిన తర్వాత మొదటిసారి గొంతెత్తి ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

తర్వాత కళ్ళు తుడుచుకుని ఆవిడే టీవీ పెట్టారు. ఇన్నేళ్ళలో ఆ ఆట వైపు కన్నెత్తి చూడని మనిషి. తెర మీద రెండు జట్లవాళ్ళూ, బంతి కదిలేలోపు, ఎదురెదురుగా నడుం వంచి, కదలకుండా ఉన్నారు.

"అలా వంగుని ఎంతసేపుంటారు బాబూ? దేనికోసం చూస్తున్నారు?" అని అడిగారు ఆంటీ.