టీ తాగుతున్న మనిషి

ఏడేళ్లుగా ఈ మాట గొంతులోనే ఉండిపోయింది. అక్కకు చెప్పలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మా బావది భోగాపురం దగ్గర చేపల వ్యాపారం. ఎయిర్‌బ్యాగులున్న కొత్త కారు బుక్ చేద్దామని విజయనగరం బయలుదేరాడు. ఆయన మోటారుసైకిల్ వెనక నేను. దారి పొడుగునా నాది ఒకటే గోల. పాత కార్ల ఇనుమే ఇనుమని, కొత్తవన్నీ రేకు డబ్బాలని. కార్ల గురించి నాకేం తెలుసు? ఏమీ తెలియదు. కానీ వాదనకు దిగితే తగ్గేవాణ్ణి కాదు.

రోడ్డు మీద లారీని గుద్దిన కొత్త కారొకటి కనబడింది. ముందు భాగమంతా అప్పడంలా నలిగిపోయింది. బావ దూరంగా బండి ఆపి, నన్ను చూసి రమ్మన్నాడు. వెళ్లాను. కారు నడిపినాయన లారీ అవతల బడ్డీ దగ్గర నిలబడి టీ తాగుతున్నాడు. ఒంటి మీద గీత లేదు. కారు నలిగింది కాబట్టే తను మిగిలానని ఎవరికో చెబుతున్నాడు. అదీ విన్నాను.

తిరిగొచ్చాను.

“ఆ మనిషికేటయ్యిందిరా?”

“ఆసుపత్రికి అట్టుకెళ్లిపోనారంట బావా. బతుకుతాడో లేదో. నాను సెప్తే ఇన్నావా?”

ఎందుకన్నాను? ఓడిపోవడం ఇష్టం లేక. ఎన్నిసార్లు తవ్వుకున్నా ఇంతకు మించి కారణం దొరకదు. ఇంత పెద్ద తప్పుకు ఇంత చిల్లర కారణమా అని నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

బావ అక్కడే బండి తిప్పేశాడు. నెలలోపే పాత కారు కొన్నాడు. రెండేళ్లకు ఒక వానపొద్దున కల్వర్టు గోడను గుద్దాడు. కారుకు ఒక లైటు పగిలింది. స్టీరింగు బావ గుండెల్లో దిగబడింది. కారు నలగలేదు కాబట్టి ఆ దెబ్బంతా ఆయన మీదే పడింది. అక్కడే పోయాడు.

దినకర్మకు వచ్చినవాళ్లు కారు చుట్టూ తిరిగి, “ఏటి బండిరా, సొట్ట కూడా పళ్లేదు సూడు” అన్నారు. ఇప్పటికీ అంటారు. మనిషి పోయాడు కదరా, ఇంకా బండిని మెచ్చుకుంటారేమిటని అరవాలనిపిస్తుంది. ఏ మొహం పెట్టుకుని అరవను? నేనూ ఆ పాటే పాడాను కదా.

అక్క ఆ లైటు మార్పించి, డ్రైవరును పెట్టుకుని, ఆ కారులోనే తిరుగుతోంది. “మీ బావ నీ మాటిని కొన్నాడు. గట్టి బండి” అంటుంది నాతో. నిజంగా మెచ్చుకునే అంటుంది. నేను తల ఊపుతాను.

ఆయన టీ తాగుతున్నాడు. నేను చూశాను. ఇన్నేళ్లకు ఈ రెండు ముక్కలు బయటపెట్టాను, ఊపిరి కాస్త ఆడుతోంది. క్షమించమని అడగను.

పొద్దున అక్క విజయనగరం బయలుదేరితే కారు తలుపు నేనే వేసి పంపించాను. ఇంకా తిరిగి రాలేదు.