తోక కోసం ఆడిన అబద్ధం

మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టుకోరు. అలాంటి ఇంట్లో నేను కోళ్లు పెంచుతాను. బందరులో మా వీధివాళ్లకి ఇది ఇప్పటికీ మింగుడుపడదు. "తినడానికీ కాదు, పందేలకీ కాదు, మరెందుకండీ?" అంటారు. ఈకల కోసమండీ బాబూ, ఈకల కోసం! మెడ మీద రంగు ఎండలో మెరవాలి, తోక నేల మీద జీరాడాలి. ముప్ఫయ్యేళ్లుగా ఆఫీసు కాగితాలు చూస్తున్న కళ్లకి ఆ మాత్రం రంగు ఉండొద్దూ?

నా పుంజు రంగుకి వంక పెట్టడానికి లేదు. ఒళ్లంతా నిగనిగలాడే నలుపు, మెడ మీద బంగారు జూలు. తోక మాత్రం జానెడే. చిలకముక్కు కోళ్ల అందాల పోటీకని గుడివాడ తీసుకెళ్తే, ఒక పెద్దమనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తోక ఇంటి దగ్గర మర్చిపోయి వచ్చారా అండీ?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఒకటే నవ్వులు. నాకు ఒళ్లు మండిపోయింది. వచ్చే పోటీకి నా పెరట్లో పుట్టిన పొడుగుతోక పుంజునే పట్టుకెళ్లాలని ఆ రోజే పంతం పట్టాను.

నా పుంజు రంగుకి ఆ తోక కలవాలంటే పొడుగుతోక జాతి పెట్ట కావాలి. అలాంటి పెట్టలున్నది కోడూరులో ఒక పెద్దాయన దగ్గర. చుట్టం కాకపోయినా మావయ్యగారూ అని పిలుస్తాను. ఆయన పుంజుని అడిగితే ఇస్తారు, పెట్టని మాత్రం దేవుడు దిగొచ్చి అడిగినా ఇవ్వరు. పెట్ట గడప దాటితే జాతి మొత్తం దాటిపోయినట్టేనని ఆయన భయం. గుడ్ల విషయమూ అంతే.

అప్పుడు నాకో దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. ఒక ఆదివారం అవనిగడ్డ మీదుగా బస్సులో కోడూరు వెళ్లి, ఆయన అరుగు మీద మొహం వేలాడేసుకుని కూర్చున్నాను.

"ఏం గుమస్తా గారూ, అలా ఉన్నారేం?"

"మా ఆవిడకి ఒంట్లో బాగుండట్లేదు మావయ్యగారూ. ఒకటే నీరసం. రక్తం లేదు, రోజూ నాటుకోడి గుడ్డు పెట్టమన్నారు డాక్టరు గారు. ఉన్న ఒక్క పెట్టా గుడ్లు మానేసి పొదుగుడు మీద కూర్చుంది."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఆయన నావైపు ఓసారి చూసి లోపలికి వెళ్లారు. కాసేపటికి ఆయన భార్య, అత్తయ్యగారు, పది గుడ్లు గడ్డిలో సర్ది స్టీలు క్యానులో పెట్టి తెచ్చారు. "పాపం, అమ్మాయిని జాగ్రత్తగా చూసుకో నాయనా" అన్నారు. సిగ్గేసిందా అంటే, అబ్బే! తిరుగు బస్సులో క్యాను ఒళ్లో పెట్టుకుని కూనిరాగాలు తీసుకుంటూ వచ్చాను.

ఇంటికొచ్చి గుడ్లన్నీ మా పెట్ట కింద పెట్టాను. ఇరవై ఒక్క రోజులైనా ఒక్క పిల్లా రాలేదు. ఇంకో నాలుగు రోజులకి కంపు మాత్రం వచ్చింది. మా ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దగ్గరుండి అన్నీ పారబోయించింది.

తర్వాతి ఆదివారం మళ్లీ కోడూరు వెళ్దామని చొక్కా తొడుక్కుంటుంటే గుమ్మం ముందు ఆటో ఆగింది. మావయ్యగారూ, అత్తయ్యగారూ! రోగిని చూడ్డానికి వచ్చారు. రోగి ఆ సమయానికి గేటు దగ్గర కొత్తిమీర కట్ట కోసం కూరల బండివాడితో యుద్ధం చేస్తోంది.

"నీరసం తగ్గిందా అమ్మా? గుడ్లు తింటున్నావా?" అని అత్తయ్యగారు అడిగారు.

మా ఆవిడ నావైపు చూసింది. పాతికేళ్ల కాపురం. ఒక్క చూపుతో మొత్తం లాగేసింది.

"తింటున్నానండీ. నాకు తోడుగా ఈయన కూడా తింటున్నారు. నాకోసం ఎంత త్యాగమో!"

అత్తయ్యగారు మురిసిపోయి సంచిలోంచి ఉడికించిన గుడ్లు తీశారు. నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ ఒకటి ఒలిచి నా చేతిలో పెట్టింది. యాభై నాలుగేళ్లొచ్చాక మొదటిసారి గుడ్డు తిన్నాను. పచ్చసొన గొంతుకి అడ్డం పడి కళ్లనీళ్లొచ్చాయి. మావయ్యగారు భుజాలు ఊగేలా నవ్వారు.

"పొదుగుడు పెట్ట ఉందని మీరే చెప్పారు కదండీ! అందుకే పిల్లలు కాకుండా కాగే నీళ్లలో ఓ ముంచు ముంచి ఇచ్చా. ఈవిడే మీ మాట నమ్మేసి, చూసి రావాల్సిందేనని కూర్చుంది. అయినా పెట్ట కావాలంటే నోరు తెరిచి అడగొచ్చుగా?"

"అడిగితే ఇస్తారా?"

"ఇవ్వను."

అందరం నవ్వాం, అత్తయ్యగారు తప్ప. ఆవిడ మా ఆవిడ గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, కోడిని చూసినట్టే కింది కనురెప్ప లాగి చూశారు. లోపల తెల్లగా పాలిపోయి ఉంది.

"ఇది అబద్ధం కాదు. ఈ పిల్లకి నిజంగానే రక్తం లేదు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అమ్మా?"

"వస్తోందండీ. నాలుగైదు నెలల నుంచి" అంది మా ఆవిడ మెల్లగా.

నాకెందుకు చెప్పలేదని అడగబోయి ఆగిపోయాను. నా పుంజు తురాయి ఒక్కపూట రంగు తగ్గితే చాలు, కనిపెట్టేస్తాను. ఛీ, నా బతుకు!

మర్నాడు రక్తపరీక్షలో అదే తేలింది. డాక్టరు గారు మాత్రలు రాసి, అభ్యంతరం లేకపోతే రోజూ గుడ్డు కూడా తినమన్నారు. మా ఆవిడ తింటానంది.

వారం తిరక్కుండా మావయ్యగారు గంపలో ఒక పెట్టని తెచ్చి మా పెరట్లో దింపారు. దాని తోక చూసి నా గుండె ఝల్లుమంది.

"ఇది మీకు కాదు, అమ్మాయికి. ఇది పెట్టిన ప్రతి గుడ్డూ ఆమె పళ్లెంలోకే వెళ్లాలి. మాట తప్పారో, పట్టుకుపోతా."

ఇప్పుడు రోజు విడిచి రోజు గూట్లో గుడ్డు ఉంటుంది. నా పుంజుకీ ఆ పెట్టకీ జోడీ కూడా కుదిరింది, పొదిగిస్తే పిల్లలే! గుడ్డు చేతిలోకి తీసుకుంటే చాలు, నేల మీద జీరాడే తోక కళ్లముందు కదులుతుంది. మొన్న ఆశ చావక ఒకటి బియ్యం డబ్బాలో దాచాను. అంతలో మా ఆవిడ వంటింట్లోకి రెండడుగులు వేసి, గోడ పట్టుకుని, ఊపిరి కూడదీసుకుంది.  నేను డబ్బా మూత తీసి, గుడ్డు కడిగి, గిన్నెలో నీళ్లు పోసి స్టవ్వు వెలిగించాను. అది ఉడికేదాకా అక్కడే నిలబడ్డాను.