గసగసాలు వేయని కోడికూర

ఈ రోజు ఆరాధన అయ్యాక చర్చిలో అందరం కలిసి భోజనం చేశాం. నేను కోడికూర వండి తీసుకెళ్లాను. సుగుణ వదిన రుచి చూసి నవ్వింది.

"ఏంటి వదినా, గసగసాలు వెయ్యలేదా? కూర నీళ్లలా ఉంది. మీ ఊళ్లో ఇంతేనా?"

మా అబ్బాయి ఇక్కడ అమెరికా ఆర్మీలో చేరినప్పటి నుంచి నేను గసగసాలు మానేశాను. అక్కడ చెప్పాపెట్టకుండా పిలిచి మూత్రం పరీక్ష చేస్తారు. గసగసాలు తిన్నా మత్తుమందు తిన్నట్టు చూపించవచ్చట. "అది వెయ్యొద్దు మమ్మీ, టెస్ట్‌లో వస్తే నా జాబ్ పోతుంది" అని వాడు బతిమాలాడు. అదే వదినకు చెప్పాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని, "బాబు పోయి ఏడాది దాటింది కదా వదినా. ఇప్పుడు వేసుకోవచ్చుగా" అంది నెమ్మదిగా.

నిజమే. తిరిగి వస్తూ కాపెల్ ఊళ్లోని ఇండియన్ స్టోర్‌లో ఆగి ఒక ప్యాకెట్ కొన్నాను. సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడి దాన్ని విప్పలేకపోయాను. కూరలో వేస్తే, వాడు ఇంక భోజనానికి రాడని నేను ఒప్పుకున్నట్టే.

అలసిపోయాను. ఇలా ఎవరి కోసమో మానేసినవి మీ ఇళ్లలోనూ ఉంటే చెప్పండి. మా ఇంటికొస్తే మాత్రం మీకు పల్చని కూరే. చిక్కగా కావాలంటే జీడిపప్పు వేస్తాను.