ఎదురు మెలిక

సిడ్నీ ఫెర్రీలో కూర్చుని, చర్చిలో ఆదివారం ప్రసంగం కోసం మూడు లావు దారాలను కలిపి పేనుతున్నాను. చీలిపోయేలా ఉన్న మా సంఘానికి మూడు పేటల తాడు చూపించి ఐక్యత బోధించాలని నా తాపత్రయం. కానీ చెయ్యి వదలగానే తాడు విడిపోతోంది.

"అచ్చం మన సంఘంలాగే ఉంది పాస్టర్ గారూ," అంది నా భార్య.

ఎదుటి సీటులోని తెలుగు పెద్దాయన నవ్వి, ఒడ్డున నేవీ డాక్‌యార్డులో రైలంత పొడుగున్న పాత భవనం చూపించారు.

"పూర్వం అందులో ఓడల తాళ్లు పేనేవారు. వీకెండ్ టూర్లకి నేనే గైడ్‌ని. అన్నీ ఒకే వైపు తిప్పితే నిలవదు పాస్టర్ గారూ! ఒక్కో పేటనీ కుడికి మెలిపెట్టండి, మూడూ కలిపి ఎడమకి పేనండి. ఎదురు మెలిక ఉంటేనే పట్టు."

"విన్నారా? ఇరవై ఏళ్లుగా నేను చేస్తున్న పరిచర్య అదే," అంది మా ఆవిడ.

ఆయన పేరు అడిగేలోపే రేవు వచ్చేసింది.

ఆదివారం, నా ప్రతి మాటకూ అడ్డు చెప్పే సంఘ పెద్దనే ముందుకు పిలిచాను. పేటలను కుడికి మెలిపెట్టి ఆయన చేతికిచ్చాను. ఎటు పేనాలో చెప్పేలోపే, అలవాటు చొప్పున, నాకు ఎదురుగా ఎడమకి తిప్పేశారు. తాడు నిలిచింది.

అందరికంటే ముందు "ఆమేన్" అన్నది మా ఆవిడే.