చెప్పుల కాడ పరీక్ష

మా పెద్దమ్మ పోయిన వారం ప్రభువు సన్నిధికి చేరింది. ఈ వాక్యం కంట పడితే ఆమె ఎర్ర పెన్ను తీసేది. "సన్నిధి ఎట్లున్నదో నువ్వు చూసొచ్చినవా? చచ్చిపోయిందని రాయి, అందరికీ సమజైతది" అనేది. సరే. మా పెద్దమ్మ చచ్చిపోయింది. ఇబ్రహీంపట్నంలో క్రైస్తవ కవిత్వానికి తీరని లోటు అని కూడా రాయాలనుంది. కాని ఆ ముక్క కూడా కొట్టేసేదే.

మా అమ్మకు అక్క. సర్కారు బడిలో తెలుగు చెప్పి రిటైరయింది. ఆ తర్వాత మా చర్చిలో పాటలు రాసేవాళ్లందరికీ ఆమే పరీక్షాధికారి. పరీక్ష జరిగేది లోపల కాదు, వాకిట్లో చెప్పుల గుట్ట కాడ. ఆరాధన ముగుస్తుంటే ముందే బయటికొచ్చి, స్తంభం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. జనం చెప్పులు తొడుక్కుంటూ కొత్త పాట కూనిరాగం తీస్తే పాసు. ఊరికే చెప్పులు వెతుక్కొని పోతే ఫెయిలు. అప్పీలు లేదు.

డిగ్రీలో తెలుగు సాహిత్యం చదివిన మహాకవిని కాబట్టి, నా మొదటి పాటలో ప్రభువును సిలువేసిన కల్వరి గిరి మీద కాంతి పుంజాలు కురిపించిన. ఆ ఆదివారం జనం చెప్పులు తొడుక్కున్న వేగం చూస్తే, సాగర్ రోడ్డు మీద ఆఖరి బస్సు పోతున్నదేమో అనిపించింది.

పెద్దమ్మ నన్ను పిలిచి "తిన్నవా?" అని అడిగింది. ఎవరు కనబడ్డా ముందు అదే అడిగేది. తిట్టబోయే ముందు కూడా.

తిన్ననని చెప్పిన.

"కల్వరి ఎటు దిక్కురా? మన్నెగూడ దాటినంక వస్తదా?"

"గదేం మాట పెద్దమ్మా. కవితల గట్లనే రాస్తరు."

"రాసెటోళ్లు రాస్తరు. నిన్న మంచాల ఊరి నుంచి బస్సుల నిలబడి వచ్చినవ్ గదా. ప్రభువు నీ పక్కన నిలబడలేదా? గది రాయి."

అట్లా నా పాటల్లోంచి ధవళ వస్త్రాలను, వజ్ర కిరీటాలను, బంగారు వీధులను ఒక్కొక్కటే ఖాళీ చేయించింది. "నీకు ఇష్టమైనోళ్లతోని గూడ గిట్లనే మాట్లాడుతవా?" అని అడిగేది. అట్లనే మాట్లాడుతానని, అందుకే ఇంకా పెళ్లి కాలేదని చెప్పిన. "గిప్పుడు సమజైంది" అన్నది.

దవాఖానలో మంచం మీద ఉన్నప్పుడు ఓ పొద్దున, "నేను పోయినంక పెట్టే ఆదరణ కూడికల పాట నువ్వే రాయాలె" అన్నది.

"ఇప్పుడెందుకు పెద్దమ్మా గా మాట?"

"అప్పుడైతే దిద్దెటందుకు నేనుండ గదా. బంగారు వీధులని రాసినవనుకో, పెట్టెలకెళ్లి లేచి కూసుంట."

"లేస్తే మంచిదే గదా. పునరుత్థానమంటరు."

ఆమె నవ్విన నవ్వుకు సెలైన్ పైపు ఊగింది. నర్సు వచ్చి ఇద్దరినీ తిట్టింది. అంతా విని పెద్దమ్మ ఆ నర్సును, "తిన్నవా బిడ్డా?" అని అడిగింది.

ఆమె పోయినంక రాద్దామని కూర్చుంటే చేతికొచ్చినవన్నీ బంగారు వీధులే. నిజంగా ఏడుపొచ్చినప్పుడు పాత మాటలే ముందు ఉరికొస్తయని అప్పుడు తెలిసింది. తెల్లారితే ఆదరణ కూడిక. ఇప్పుడు తప్పు రాస్తే తిట్టే మనిషి లేదు, ఆమెకిచ్చిన మాట మాత్రం ఉన్నది. అంతలో పక్కింటి అక్క అన్నం గిన్నె పట్టుకొచ్చి, గడప దాటకముందే "తిన్నవా?" అన్నది. పెద్దమ్మే పాడుతున్నట్టు పాట దొరికింది.

కాళ్లు కడుక్కొని వచ్చిన, తండ్రీ,
గడప కాడ నిలబడ్డ.
దూరం నడిచిన దాన్ని, లోపలికి పిలిచి
తిన్నవా బిడ్డా అని అడుగు.

కూడికలో పాడినం. ఆఖరి పాదం కాడ మా చిన్నమ్మలు ఏడ్చుకుంటనే నవ్విన్రు. అయినా అది లోపలి సంగతి, లెక్కలోకి రాదు. ముగింపు ప్రార్థన కాంగనే బయటికి ఉరికి స్తంభం కాడ నిలబడ్డ. కుర్చీలో కూర్చునే ధైర్యం చాలలేదు.

ముందుగా వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు మహేశ్వరం ప్లాట్ల ముచ్చట చెప్పుకుంటూ చెప్పులు తొడుక్కున్నరు. ఫెయిలే అనుకున్న.

వాళ్ల వెనకే ఓ చిన్న పిల్ల వచ్చింది. అడుగేస్తే కీచుమనే బూట్లు. ఎడమది కుడికి, కుడిది ఎడమకు తొడుక్కున్నది. కీచు, తిన్నవా బిడ్డా, కీచు, తిన్నవా బిడ్డా, అని పాడుకుంటూ గేటు దాటి ఎండలోకి నడిచిపోయింది.