అక్క సంచీ తెరవనివాడు

మొన్న ఆదివారం పొద్దున ఫోన్ మోగింది. "మామా, అమ్మ పోయింది" అన్నది అక్క కూతురు. నాకు నమ్మబుద్ధి కాలేదు. అంతకు ముందురోజు సాయంత్రం దవాఖానలో నర్సు గోలీ ఇస్తే, "ముందుగాల గోలీల అట్ట సూపియ్యి, అప్పుడు మింగుత" అని మొండికేసిన మనిషి ఆమె. అంత గట్టి మనిషి పోతుందని ఎట్లా అనుకుంటాం?

ఆమె నాకు తోబుట్టువు కాదు. అరవై ఏళ్ల కింద నల్లగొండలో ఒక పెద్ద దుకాణంలో ఇద్దరం కలిసి పనిచేశాం. కింద బట్టలు, పైన గాజు సామాను, ట్రంకు పెట్టెలు, గోడ గడియారాలు, అన్నీ ఒక్కచోటే దొరికేవి. పెళ్లి సామానుకు ఆలేరు నుంచి కూడా వచ్చేవారు. అంత పెద్ద దుకాణంలో ఆడమనిషి ఆమె ఒక్కతే. భర్త పోయి, చంకలో ఏడాది పిల్లతో వచ్చి పనిలో చేరింది. వయసులో నాకంటే మూడేళ్లు పెద్ద. అందరం అక్కా అనే పిలిచేవాళ్లం.

ఆమెను పనిలో పెట్టుకోవడానికి ఒక కారణం ఉంది. ఆ రోజుల్లో దొరల ఇళ్ల ఆడవాళ్లు దుకాణం మెట్లెక్కేవారు కాదు. చీరలు మూటకట్టి వాళ్లింటికే పంపాలి. నచ్చినవి ఉంచుకుని మిగతావి తిప్పి పంపేవారు. మగవాళ్లను లోపలికి రానివ్వరు గనుక మూట మోసే పని అక్కది. మూట కట్టే పని నాది.

అక్కకు ఎవరి మీదా నమ్మకం ఉండేది కాదు. "నవ్వుకుంట మాట్లాడేటోళ్ల చేతులు సూడాలె తమ్మీ" అనేది. పాలు వాసన చూడందే పొయ్యి మీద పెట్టదు. గడియ వేసి, నాలుగడుగులు పోయి, మళ్లీ వెనక్కి వచ్చి లాగి చూసేది. ఈ నాలుగేళ్లుగా మా వీధిలోనే కూతురి దగ్గర ఉండేది. రోజూ సాయంత్రం ఇద్దరం కూర్చుని టీవీలో ఒక సీరియల్ చూసేవాళ్లం. అది వందేళ్ల కిందటి ఒక పెద్ద దుకాణం కథ. "గా పిల్ల చీర గట్ల ఇసురుతాంది, మడత ఖరాబు గాదా? వీళ్లెవ్వలు దుకాణంల పనిచేసినోళ్లు గాదు" అని సణిగేది. ఒకరోజు అందులో కౌంటరు పిల్ల మీద దొంగతనం మోపారు. అక్క ముందుకు వంగి, "ఆ మూలకు నిలబడ్డోన్ని సూడు. సప్పుడు జేస్తలేడు. వానికి ఏదో ఎరుకుంది" అన్నది. నేను లేచి మంచినీళ్లు తాగి వచ్చాను.

ఎందుకంటే మా దుకాణంలో ఆ మూలన నిలబడ్డవాణ్ని నేనే.

అప్పటికి నా పెళ్లయి నెల. పానగల్ దారిలో ఉన్న ఒక దొర ఇంటికి పంపాల్సిన చీరల్లో పాలరంగు గద్వాల చీర ఒకటి ఉంది. కొనే తాహతు నాకు లేదు. కనీసం నా భార్యకు చూపిద్దామని సాయంత్రం చొక్కా లోపల పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాను. నేను కాళ్లు కడుక్కుని వచ్చేలోపు మా అమ్మ దాని కొసకు పసుపు పెట్టేసింది. "కొత్త చీర ఇంట్లకొస్తే పసుపు వెట్టకుంట ఉంటమారా?" అన్నది. పసుపు అంటిన కొసను లోపలికి మడిచి, తెల్లారి మూటలో అడుగున పెట్టాను.

ఆ చీర తిరిగి వచ్చింది. దుకాణం యజమాని సేటు మడతలు విప్పి చూస్తే పసుపు మరక బయటపడింది.

"ఏ పెండ్లికి కట్టుకపోయినవమ్మా?" అని అడిగాడు అక్కను.

"నేను కట్టలే సేటూ. నా బిడ్డ మీద ఒట్టు" అన్నది అక్క. దొర ఇంటివాళ్లను అడిగే ధైర్యం సేటుకు లేదు. నేను గజం కర్ర పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాను. నోరు తెరిస్తే నా పని పోతుంది. తెరవకపోతే ఆమెది పోతుంది. నేను తెరవలేదు.

పని పోలేదు గాని, పరువు పోయింది. మూటలకు ఇంకో ఆడమనిషిని కుదుర్చుకుని, ఆమెను చీరల దగ్గర నుంచి తీసేసి పైన గాజు సామాను తుడవమన్నారు. రోజూ సాయంత్రం ఇంటికి పోయేముందు ఆమె సద్ది సంచీ తెరిచి చూసేవారు. ఆ పని వంతులవారీగా చేసేవాళ్లం. నా వంతు వచ్చినరోజు నేను చూడకుండా "పో అక్కా" అనేవాణ్ని. సిగ్గుతో ఆమె మొహం చూడలేక అట్లా అనేవాణ్ని. దుకాణం మూతపడేదాకా, ఏడేళ్లు, ఇదే తంతు. ఆమె దాన్ని వేరేగా అర్థం చేసుకుంది. "అందరు నా సంచి తెరిసిన్రు. నువ్వొక్కనివే తెరువలే తమ్మీ" అని ఎన్నిసార్లు అన్నదో. అన్నప్పుడల్లా నేను మాట మార్చేవాణ్ని.

ఆ ఆదివారానికి ముందు బుధవారం దవాఖానలో ఆమె మంచం పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. మా అమ్మ, పసుపు, మడత, ఏదీ దాచలేదు. అక్క నా చేతుల వైపు చూసింది.

"గిట్ల చెప్పుమని నీకెవ్వలు చెప్పిన్రు?"

"ఎవ్వరూ చెప్పలేదక్కా. నేనే."

"నా బిడ్డ చెప్పమన్నదా? సచ్చే ముందల నా పానం నిమ్మలం గావాల్నని?"

"కాదక్కా, ఒట్టు. ఆ చీర నేనే తీసుకపోయిన."

"ఊకో తమ్మీ. నీకు అబద్ధమాడొస్తదా? ఆ దొరసాన్లదే గా పని" అని నా చెయ్యి తట్టి, దిండు సర్దమన్నది. జన్మంతా ఎవరినీ నమ్మని మనిషి, నేను నిజం చెప్పిన ఒక్కనాడు కూడా నన్నే వెనకేసుకొచ్చింది. దిండు సర్ది వచ్చాను.

ఆదివారం నేను వెళ్లేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. చుట్టూ జనం. నేను గేటు దగ్గరే ఆగిపోయాను. కూతురు చూసి ఏడుస్తూనే అందరికీ చెప్పింది.

"జర జరుగుండ్రి, మామను రానియ్యుండ్రి. మా అమ్మ నమ్మింది ఈయన్నొక్కన్నే."

జనం రెండు పక్కలా జరిగి ఆమె తల దగ్గర జాగా చేశారు. మొదటి దండ నా చేతికిచ్చారు.