చల్లపల్లి దాకా రైలు

మా బాబాయి హనుమయ్యది కంకిపాడు. పొలం పంటకాలువ మొదట్లో. అంటే నీళ్ళ కోసం ఎవరినీ బతిమాలనక్కర్లేని మనిషి. కాలువకు అడ్డంగా పలకలు వేయించి, తన మళ్ళన్నీ నిండాకే కిందికి వదిలేవాడు. ఆయన దృష్టిలో అది దేవుడు పెట్టిన వరస.

నలభై ఏడులో బెజవాడ రైల్వే దొరలు సామాన్లు అమ్ముకుని వెళ్ళిపోతుంటే, బాబాయి రెండు ఇనప్పెట్టెల నిండా బొమ్మ రైలు కొనుక్కొచ్చాడు. ధాన్యపు గది ఖాళీ చేయించాడు. నేలమీద సుద్దతో ప్లాను గీసి, దాని ప్రకారం బల్లలు వేయించి, గోడకు కన్నం కొట్టి పట్టాలను సావిట్లోకి నడిపించాడు. మొదట బెజవాడ, నడుమ కంకిపాడు, చివర చల్లపల్లి. ఏ సర్కారూ వేయని ఆ లైనును ఆయనే మంజూరు చేసుకున్నాడు. ఇంట్లో కరెంటు లేదు కాబట్టి లారీ బ్యాటరీ ఒకటి సంపాదించి, బస్సు మీద బెజవాడ పంపి ఛార్జి చేయించేవాడు.

రైలు కంకిపాడు దాకా దర్జాగా వెళ్ళేది. అది దాటాక నీరసించి, చల్లపల్లి ఎదురుగా కనిపిస్తుండగానే ఆగిపోయేది.

ఆషాఢంలో మా పిన్ని శివపార్వతి తమ్ముడు బసవపున్నయ్య వచ్చాడు. చల్లపల్లి వైపు, మా కాలువకే శివారున ఆయన చేను. నారుమడి ఎండిపోతోంది. అది పోతే ఆ ఏడు నాట్లు లేనట్టే.

“ఆ పలకలు రెండ్రోజులు తీయించండి బావగారూ.”

“నీళ్ళెక్కడికి పోతయ్యయ్యా? పైన తడిస్తే కిందికి వాటంతటవే వస్తయ్,” అన్నాడు బాబాయి, పట్టాల అతుకు గీకి శుభ్రం చేస్తూ. నాకు ఒళ్ళు మండింది. పిన్ని మొహం చూసి ఊరుకున్నాను.

బాబాయి గోడు వేరు. “కరెంటంతా ముందున్న పట్టాలే మింగేస్తే చివరిదాని గతేంగాను? ఇదేం న్యాయం?” అని బ్యాటరీని నిలదీసేవాడు. ఆఖరికి బల్లల కింద రెండు లావు రాగితీగలు చల్లపల్లి దాకా లాగి, ప్రతి స్టేషను దగ్గరా వాటినుంచి పట్టాలకు సన్నతీగలు కలిపాడు. రైలు ఆగకుండా చివరిదాకా వెళ్ళింది.

మర్నాడు బసవపున్నయ్య మళ్ళీ వచ్చాడు. చేతిలో పసుపుపచ్చగా మారిన నారు. బాబాయి దానివంక చూడనైనా చూడలేదు. ఆయన్ని భుజం పట్టుకుని తీసుకెళ్ళి, చివరి స్టేషను దగ్గర నిలబెట్టి, రైలు నడిపి చూపించాడు.

“చూశావా, మొదటికెంతో చివరికీ అంతే. ఆ మాత్రం ఏర్పాటు చెయ్యకపోతే చివరోళ్ళకి అన్యాయం గదా.”

బసవపున్నయ్య తల వంచుకున్నాడు. మజ్జిగ తెచ్చిన పిన్ని గ్లాసు తమ్ముడి చేతికిచ్చి మొగుడివైపు తిరిగింది.

“ఏవండీ, ఆ రైల్లో రెండు చెంబుల నీళ్ళు మా తమ్ముడి నారుమడికి పంపండి. అదైతే చేరుద్ది.”

బాబాయి బ్యాటరీ తీగ ఊడదీసి, కండువా భుజాన వేసుకుని కాలువ వైపు వెళ్ళాడు. సాయంత్రానికి పలకలు లేచాయి. తన మళ్ళన్నీ నిండాయనీ, అందుకే తీయించాననీ కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. నేను వెళ్ళి చూశాను. బాబాయి మళ్ళు సగం ఇంకా పొడిగానే ఉన్నాయి.